ఎవరి పేరు మీద ఘటం

చిలకమ్మ ఎవరినైనా మెచ్చుకోగా విన్నవాళ్ళు పూరీ గేట్ వాడ మొత్తం మీద లేరు. కోడలు గంగాభవాని అయితే ఆ ఆశ ఎప్పుడో వదిలేసుకుంది. ముద్ద నోట్లో పెట్టుకోగానే ముసలమ్మ అనే మొదటి మాట "ఉప్పు సాల్నేదు." రెండో మాట ఉండదు. తిన్నంత తిని, కంచం పక్కకి నెట్టి, గోడవైపు తిరిగి పడుకుంటుంది.

అసలు ఆ ఇంట్లో ఒకరు చేసిన పనిని ఇంకొకరు చూశామని చెప్పుకునే అలవాటే లేదు. నీళ్ళు పట్టేవాళ్ళు పట్టాలి, వండేవాళ్ళు వండాలి, తినేవాళ్ళు తినాలి. ఇంగ్లీషు బళ్ళలో పిల్లలకి నేర్పే థాంక్యూలు రైల్వే క్వార్టరు గుమ్మం దాకా వచ్చి, చెప్పులతో పాటు బయటే ఉండిపోతాయి.

తెల్లారి ఐదింటికి పంపులో నీళ్ళొస్తాయి. ఆరింటికి ఆగిపోతాయి. ఆ గంటలోనే గంగాభవాని డ్రమ్ము నింపాలి, మంచాన పడ్డ అత్తకి ఒళ్ళు తుడవాలి, తడిసిన పక్కబట్టలు ఉతకాలి. ఆ తర్వాత అన్నం వార్చి, అత్త చేతికందేలా గిన్నెలు సర్ది, సైరన్ మోగేలోగా రైల్వే వర్క్‌షాపు గేటు దగ్గరుండాలి. మొగుడు శ్రీనివాస్ గుండెపోటుతో పోయి తొమ్మిదేళ్ళు. అతను పోయినందుకు ఈమెకిచ్చిన హెల్పర్ ఉద్యోగంలో మిషన్ల కింద పడ్డ ఇనుప రజను ఊడ్చడం, నూనె మరకలు తుడవడం పని. రోజంతా సిమెంటు నేల మీదే. నలభై తొమ్మిదేళ్ళ మనిషికి డెబ్భై ఏళ్ళ మోకాళ్ళు వచ్చాయంటే రావూ మరి!

గోరుచుట్టు మీద రోకటిపోటులా మాతా పూజ వచ్చిపడింది.

ఎండలు ముదిరే వేళకి ఖరగ్‌పూర్ తెలుగు వాడలు మాతమ్మకి పూజ చేస్తాయి. ఆడవాళ్ళు పసుపునీళ్ళ ఘటం మీద వేపమండలు పెట్టి, నెత్తికెత్తుకుని, వట్టికాళ్ళతో డప్పుల వెనక నడుస్తారు. చిలకమ్మ ఇంటి ఘటం ఏ ఏడూ తప్పలేదు. పదహారేళ్ళు ఆమే మోసింది. తుంటి ఎముక విరిగాక, "ఇంటి మొక్కు. నువ్వు మొయ్యి" అని కోడలికి అప్పజెప్పింది. దేనికి మొక్కిందో చెప్పలేదు. మొక్కు గుట్టుగా ఉండాలంటారు కాబట్టి గంగాభవానీ అడగలేదు. కొడుకు శ్రీనివాస్‌కి వర్క్‌షాపులో ఉద్యోగం దొరికినందుకే అయ్యుంటుంది అనుకుంది. గుడి ముందు ఘటం దించేటప్పుడు పూజారి "ఎవరి పేరు మీదమ్మా?" అంటే మొగుడి పేరు చెప్పేది. మొగుడు పోయాక కొడుకు కిరణ్‌కుమార్ పేరు చెబుతోంది. వాడు టాటానగర్‌లో రైలింజన్ల మీద పనిచేస్తూ, నెలకోసారి వచ్చి, తిని, నిద్రపోయి వెళ్తుంటాడు.

ఈ ఏడు మాత్రం ఆమె వల్ల కాలేదు. బరువులెత్తితే మోకాలు పూర్తిగా పోతుందని డాక్టరు చెప్పాడు. ఆమె మనసులోనూ ఒక కసి ఉంది. ఉద్యోగమిచ్చావని ఏటేటా నీళ్ళు మోస్తే, ఉద్యోగం చేసేవాణ్ణే పట్టుకుపోయిన తల్లికి ఇంకా దణ్ణం దేనికి?

డ్యూటీ అయ్యాక నేరుగా గుడికి వెళ్ళింది. పూజారి గోపాలంగారు పగలు రైల్వే ఆఫీసులో గుమాస్తా, పొద్దుటా సాయంత్రం అమ్మవారి దగ్గర ఉంటాడు.

"మొక్కు దించుకోవచ్చమ్మా, తప్పేం లేదు" అన్నాడాయన దీపం వత్తి సర్దుతూ. "ఫలానాదానికి మొక్కాం, మా కోరిక తీర్చావు, ఇంక సెలవిప్పించు తల్లీ అని చెప్పుకుని చీర పెట్టాలి. ఇంతకీ దేనికి మొక్కారు?"

"తెల్దు పంతులుగారూ."

"తెలియకుండానే పన్నెండేళ్ళు మోశావా?"

గంగాభవానికి సిగ్గేసింది. వర్క్‌షాపులో కూడా ఏ రజను ఏ మిషనుదో అడక్కుండానే ఊడుస్తుంది. అలవాటైపోయింది.

"మీ అత్తగారిని కనుక్కో. దేనికో చెప్పకుండా దించితే అమ్మవారి దగ్గర అబద్ధమాడినట్టు" అన్నాడు గోపాలంగారు.

ఆ సాయంత్రమే అడిగింది. చిలకమ్మ గోడవైపు తిరిగింది. మర్నాడు అడిగితే చెవులు వినబడనట్టు నటించింది. పక్కింటి కుక్కర్ ఈల వినబడుతుంది ఆ చెవులకి! మూడోనాడు మొక్కు దించుతాననగానే కంచం తోసేసింది.

"దించకూడదు. అంతే."

గంగాభవాని అప్పుడే పనినుంచి వచ్చింది. ఇంకా కాళ్ళయినా కడుక్కోలేదు. చేతిలో అన్నం గిన్నె అలాగే నేల మీద పెట్టి, మంచం పక్కన కూలబడింది.

"నా వల్ల కాదత్తా. నీ కొడుకు ఉద్యోగానికే గదా మొక్కినావు? ఆ ఉద్యోగమూ అయిపోనాది, ఆ మనిషీ అయిపోనాడు. ఇంకేటి మొయ్యమంటావు? పొద్దుట్నుంచి మోస్తూనే ఉన్నాను. నీల్లు మోస్తన్నాను, నిన్ను మోస్తన్నాను. ఒక్కనాడైనా 'సేసినావే పిల్లా' అన్నావా?"

అనేశాక ఆమెకే బాధేసింది. మంచాన పడ్డ మనిషిని అనాల్సిన మాట కాదు. కానీ అన్నది అబద్ధం కూడా కాదు.

చిలకమ్మ గోడకి చెప్పినట్టుగా మొదలుపెట్టింది.

"ఉద్యోగానికి కాదు. కిరణ్‌గాడు నీ కడుపులో ఉన్నప్పుడు నీకు అమ్మోరు పోసినాది. గేపకం ఉన్నాదా?"

ఉంది. ఒళ్ళంతా పొక్కులు, వేపాకుల పక్క. అంతకుమించి ఏమీ లేదు.

"తొమ్మిది రోజులు కళ్ళు తెరవనేదు నువ్వు. గుండెల్లో గురక. వాడలో ఆడోల్లందరూ వొచ్చి, మనవడి కోసం మొక్కుకోవే, కడుపులోదాన్ని దక్కించమనే అన్నారు. సరేనని ఎల్లినాను." ముసలమ్మ గొంతు సవరించుకుంది. "ఎల్లి, కడుపులోది పోతే పోనీ తల్లీ, ఈ పిల్లని నాకుంచు, నాను బతికినన్నాల్లూ మా ఇంట్లోంచి ఘటం వొస్తాది అనీసినాను."

గంగాభవానికి వెంటనే అర్థం కాలేదు. "ఏ పిల్లని?"

"ఏ పిల్లేటి? నిన్నే."

బయట ఎవరో స్కూటర్ స్టార్ట్ చేస్తున్నారు. అది నాలుగుసార్లు దగ్గి ఆగిపోయింది.

"తల్లి ఇద్దర్నీ ఉంచినాది. ఆ గుంటడు నా ఒల్లో ఆడుకుంటంటే, ఈడినే గదా పోనీమన్నానని ఆడి మొకం సూడలేకపోయేదాన్ని. నీకెలగ సెప్పమంటావు? కన్నతల్లివి, నీ బిడ్డని ఒదిలీసుకున్నానని సెప్తే నన్ను సూస్తావా? అందుకే నోరు మూసుకున్నాను."

"నన్నెందుకు ఉంచమన్నావు? నానొచ్చి అప్పటికి ఏడాదైనా అవనేదు."

"నీకు గేపకం నేదులే. వీధి పంపు కాడ నాను కళ్ళు తిరిగి పడిపోనాను. కోక తడిపీసుకున్నాను. వరసలో ఇరవైమంది ఉన్నారు. నువ్వు నిండు బిందె నా మీద ఒంపీసి, 'అయ్యో అత్తా, బిందె జారిపోనాది' అని గట్టిగా అరిసినావు. అందరూ నవ్వినారు గాని ఎవలికీ తెల్నేదు. ఇంటికొచ్చి ఆ కోక ఉతికి ఆరేసినావు. నా కొడుక్కి కూడా సెప్పనేదు."

గంగాభవాని ఎంత వెతుక్కున్నా కోక సంగతి జ్ఞాపకం రాలేదు. నీళ్ళు పారబోసిందని ఆ రోజు వీధంతా వినబడేలా అత్త తిట్టిన తిట్లు మాత్రం గుర్తున్నాయి. ఆ తిట్లతో ఆమె మూడు రోజులు ఏడ్చింది.

"మొక్కు దించీస్తే నీకేటైనా అయితే?" అంది చిలకమ్మ. వెంటనే, మరీ మెత్తబడ్డానేమో అనుకుందో ఏమో, "నువ్వు పోతే నాకెవలు సేస్తారు?" అని కసిరింది.

గంగాభవానికి కోపం వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ళు ఈ మాట కడుపులో దాచుకుని ఉప్పు సాల్నేదు, ఉప్పు సాల్నేదు అంటూ బతికిందే ఈ మనిషి! కొడుకుని పోతే పోనీ అన్న మాట తలుచుకుంటే మనసు ఒప్పుకోలేదు. ఆ రెండింటి కిందా ఇంకేదో ఉంది. తన ప్రాణం ఒకరికి కావలసి వచ్చిందన్న సంతోషం. అది ఇంత ఆలస్యంగా తెలిసినందుకు ఏడుపొచ్చింది. చెంగు అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చి, లేచి కాళ్ళు కడుక్కుని, అన్నం కలిపి పెట్టింది. చిలకమ్మ ఉప్పు మాట ఎత్తకుండా తింది.

శనివారం గోల్‌బజార్‌లో కుండల దుకాణం దగ్గర ఆగింది. "చిన్నదా దీదీ, ఈసారి?" అన్నాడు దుకాణం అతను. చెంబుకంటే కాస్త పెద్ద ఘటం ఏరుకుంది. అమ్మవారు కొలతలు చూసుకోదులే అనుకుంది.

ఆదివారం పక్కింటి రాధారాణిని అత్త దగ్గర కూర్చోబెట్టి బయల్దేరింది. పదింటికే తారురోడ్డు కాలుతోంది. డప్పులు ముందుకెళ్ళిపోయాయి. పడుచుపిల్లలు దాటిపోయారు. కుంటుతూ, ఆగుతూ, అందరికంటే వెనక గుడి చేరింది. అడుగడుక్కీ మోకాలు తిట్టిపోసింది. భక్తి అంటే ఇదేనో కాదో ఆమెకి తెలియదు. ఎప్పుడు దించుతానా అన్నదొక్కటే ధ్యాస.

"కనుక్కున్నావా? దించుకుంటావా మొక్కు?" అన్నాడు గోపాలంగారు.

"నేదు పంతులుగారూ. ఉండనీండి."

"సరే. కిరణ్‌కుమార్ పేరే కదూ?"

"కాదు. గంగాభవాని."

ఆయన తలెత్తాడు. ఆ గుడిలో ఆడవాళ్ళు మొగుళ్ళ పేర్లు చెబుతారు, పిల్లల పేర్లు చెబుతారు, కడుపులో ఉన్నవాళ్ళకి కూడా చెబుతారు. "నీ పేరా?"

"నా పేరే. గట్టిగా సదవండి."

ఆయన గట్టిగానే చదివాడు. పసుపునీళ్ళు అమ్మవారి పాదాల మీద పడ్డాయి. తన పేరు అక్కడ వినడం ఆమెకి కొత్తగా, కాస్త భయంగా అనిపించింది.

ఇంటికొచ్చి రాధారాణిని పంపేసి, అత్త మంచం కొసన కూర్చుంది. అరికాళ్ళు బొబ్బలెక్కాయి. చిలకమ్మ గోడకి ఆనుకుని కూర్చుని ఉంది.

"ఎవల పేరు సెప్పినావు?"

"నాదే."

ముసలమ్మ తలగడ పక్కన తడిమి కొబ్బరినూనె సీసా తీసింది. "కాల్లిలగ పెట్టు."

"ఒద్దత్తా."

"పెట్టమన్నాను గదేటే."

చిలకమ్మ నూనె రాస్తోంది. వేళ్ళు గరుగ్గా ఉన్నాయి. ఒకసారి లేచి అన్నం పెట్టేసి మళ్ళీ కూర్చుందామనుకుంది గంగాభవాని. ఒంటిగంట దాటితే ముసలమ్మ వీధి లేచిపోయేలా అరుస్తుంది మరి. లేద్దామనుకుంటూనే గోడకి జారగిలబడి కళ్ళు మూసింది.

మళ్ళీ తెరిచేసరికి ఎండ గుమ్మం దాటి వెనక్కి పోయింది. గోడ గడియారం నాలుగు చూపిస్తోంది. ఆమె కాళ్ళు ఇంకా అత్త ఒళ్ళోనే ఉన్నాయి. కంచం బోర్లించిన చోటే ఉంది.

"అయ్యో! ఆకలేయనేదా అత్తా?"

"ఏసినాది."

"లేపకపోయినావా మరి?"

"నిద్రపోతన్నావు గదే" అంది చిలకమ్మ.