అసన్‌కుల్ గుర్రం

ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పినదాన్ని. పాఠం మొదలుపెడితే నాకు ఒళ్లు తెలియదు. ఆ జబ్బే ఎల్నూరా కొంప ముంచబోయింది.

ఎల్నూరా మా పక్కింటి బురుల్ కోడలు. మా రాజధాని బిష్కెక్‌లో రష్యన్ మాట్లాడుతూ పెరిగిన పిల్ల. మా కిర్గిజ్ భాష అర్థమవుతుంది గానీ నోరు తిరగదు. పోయిన శీతాకాలం మామగారు చనిపోయాక మొగుడితో ఈ ఊరొచ్చింది. ఎనిమిది నెలలైనా బురుల్ ఆమెతో నేరుగా మాట్లాడలేదు. ఉప్పు కావాలన్నా కొడుకుతోనే చెప్పించేది. అత్త తనతో ఒక్క మాటైనా మాట్లాడాలని ఆ పిల్ల నా దగ్గర చేరింది.

మా భాషలో కి, లో, నుంచి అన్నీ రష్యన్‌లోలా ముందు కాకుండా పేరు వెనకే అతుక్కుంటాయి. 'నా గుర్రం' అనాలన్నా ఆ 'నా' గుర్రం తోకకే రావాలి. సొంతింటి పేర్లతో చెబితే బాగా నాటుకుంటుందని వాళ్ల మామగారి పేరే తీసుకున్నాను. అసన్‌కుల్ గుర్రం, అసన్‌కుల్ ఇల్లు, అసన్‌కుల్ ఇంటికి అని వారం రోజులు వల్లె వేయించాను.

ఆ గురువారం, పోయినవాళ్లకు వాసన చేరాలని బురుల్ నూనెలో రొట్టెలు వేయించి నన్ను టీకి పిలిచింది. మేతకు పోయిన గుర్రం తిరిగి రావడం కిటికీలోంచి కనిపించింది. ఎల్నూరా నా వైపు గర్వంగా చూసి, కిర్గిజ్‌లో తడబడకుండా అంది:

"అసన్‌కుల్ గుర్రం అసన్‌కుల్ ఇంటికి వచ్చింది."

అప్పుడొచ్చింది నాకు తెలివి. మా దగ్గర కోడలు మామ పేరు పలకదు, భార్య భర్త పేరు పలకదు. బురుల్ చేతిలో టీ గిన్నె ఆగిపోయింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

"తప్పు నాది బురుల్. నేనే నేర్పాను. పిల్లనేమీ అనకు."

ఎల్నూరా తెల్లబోయింది. బురుల్ నా మాట విన్నట్టే లేదు. నలభై ఏళ్ల కాపురంలో తానెన్నడూ ఆ పేరు పలకలేదని చెప్పింది. కొడుకు 'నాన్న' అంటాడట. పేరు పెట్టి పిలిచే స్నేహితులు ఆయన పోయాక రావడమే మానేశారట. ఈ ఇంట్లో ఆ పేరు వినబడి ఎనిమిది నెలలైందట.

తర్వాత ఆమె కోడలి వైపు తిరిగింది.

"ఇంకోసారి అను, అమ్మాయ్."

ఎల్నూరా నా వంక చూసింది. నేను తలూపాను. ఈసారి మెల్లగా అంది. బురుల్ కళ్లు తుడుచుకుని రొట్టెల పళ్లెం ఆమె ముందుకు జరిపింది. నాకూ ఏడుపు ఆగలేదు.

"తిను. ఆ గుర్రాన్ని ఆయన ఎట్లా మచ్చిక చేసుకున్నాడో చెప్తా. అర్థం కాకపోతే మావాణ్ణి కాదు, నన్నే అడుగు."