చింతపండుతో తోమిన ఫ్యూజు బాక్సు

చెంచురామయ్యకి పెనుబల్లి దగ్గర పామాయిల్ తోట ఉంది, దాని పక్కనే మామిడి తోట ఉంది. కానీ చుట్టుపక్కల నలుగురూ ఆయన్ని గుర్తుపట్టేది మాత్రం ఆయన తెల్ల అంబాసిడర్ వల్లే. గెలలు కోసే రోజైనా సరే, పొద్దున్నే బానెట్ ఎత్తి లోపలికి ఒకసారి తొంగిచూడందే ఆయనకి కాఫీ సహించదు.

ఆ బండికున్న జబ్బల్లా చిలుము. ఫ్యూజులు కూర్చునే ఇత్తడి క్లిప్పులకీ, బ్యాటరీ తీగలు బిగించే చోటా పచ్చగా చిలుము పట్టేది. కరెంటు సరిగ్గా అందక ఒకనాడు హారన్ మోగేది కాదు, మరోనాడు లైటు వెలిగేది కాదు. ఎంత తుడిచినా మళ్లీ వచ్చేది.

మొన్న ఎండాకాలంలో భార్య హైమ పెరట్లో కూర్చుని దేవుడి కుందుల్ని చింతపండు, ఉప్పు వేసి తోముతోంది. నల్లబడ్డ ఇత్తడి కళ్లముందే బంగారంలా తేలడం చూసి చెంచురామయ్యకి బుర్రలో ఏదో వెలిగింది. ఆ గిన్నెలో మిగిలిన చింతపండు పట్టుకెళ్లి, పాత పళ్లబ్రష్‌తో ఫ్యూజు క్లిప్పులన్నీ తోమాడు. గుడ్డతో తుడిచాడు. తళతళలాడిపోయాయి.

ఆ సంబరంలో ఫోన్ ఎదురుగా పెట్టుకుని ఒక వీడియో తీశాడు. "కంపెనీ మందులు కొనక్కర్లేదు. వంటింట్లోనే ఉంది" అంటూ చేసి చూపించాడు. ఖమ్మంలో పాత కార్ల వాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటుంది. అందులో పెట్టాడు. మెచ్చుకోళ్లే మెచ్చుకోళ్లు. ఆ నెల ఖమ్మంలో బళ్లన్నీ ఒకచోట చేరినప్పుడు చెంచురామయ్యని వేదిక మీదికి పిలిచి శాలువా కప్పారు. ఇంటికొచ్చాక కూడా చాలాసేపు ఆ శాలువా తియ్యలేదు.

వానలు మొదలయ్యాయి. ఒక ఉదయం ఇండికేటర్ పలక్కపోతే ఫ్యూజు బాక్సు మూత తీశాడు. చిలుము! మునుపటికంటే ముదురు పచ్చ. ఒక క్లిప్పు పట్టుకోగానే వేళ్ల మధ్య పుటుక్కుమని విరిగింది.

హైమ వచ్చి చూసింది. "కుందులైతే తోమాక బిందెడు నీళ్లతో కడిగి, ఎండలో బోర్లిస్తానండీ. మీరు కడిగారా?"

"కరెంటు సామాను కదా, నీళ్లెలా పోస్తాం? తుడిచాను."

"సందుల్లో ఉన్న ఉప్పూ పులుపూ గుడ్డకి వస్తాయేంటి? తినేస్తాయి."

ఆయన ఆ రోజే సత్తుపల్లిలో చందూలాల్ అనే ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లి కొత్త బాక్సు వేయించుకొచ్చాడు. ఎలా పాడైందని చందూలాల్ అడిగితే, "పాతదైపోయింది కదా" అన్నాడు.

"గ్రూపులో చెప్పండి మరి. మీది చూసి చేసినవాళ్లుంటారు" అంది హైమ.

"చెబుతాలే."

చెప్పలేదు. రెండు మూడుసార్లు ఫోన్ తీశాడు. తీసిన ప్రతిసారీ ఎవరో ఒకరు కొత్తగా దండం బొమ్మ పెట్టి ఉండేవారు. శాలువా కప్పినవాళ్లకి ఏ మొహంతో చెప్పాలనిపించి ఫోన్ పక్కన పడేసేవాడు. తన బండి బాగైంది కదా, ఇంకెవరు మాత్రం నిజంగా చింతపండు పూస్తారులే అనుకున్నాడు.

పూసింది సునంద. కొత్తగూడెంలో బొగ్గు కంపెనీ ఆఫీసులో గుమస్తా. రిటైరై ఊరు వదిలి వెళ్తున్న ఆఫీసరు దగ్గర ముచ్చటపడి పాత ఫియట్ కొనుక్కుంది. గ్రూపులో ఉన్న ఒక్క ఆడమనిషీ ఆమే. చెంచురామయ్య ఏం చెప్పినా శ్రద్ధగా వినేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన భోజనానికి కూర్చోబోతుంటే ఆమె ఫోన్ వచ్చింది.

"సార్, నిన్న మా అమ్మను తీసుకుని భద్రాచలం పోతున్న. పాల్వంచ దాటినంక అడవిల వాన దంచికొట్టింది. అడ్డంగ బర్రెలొస్తే బ్రేకేసిన. వెనక బ్రేకు లైటు వెలగలే సార్. ట్రాలీ ఆటో వచ్చి గుద్దింది. మా అమ్మ మణికట్టు ఇరిగింది. దవాఖానల కట్టు కట్టిన్రు."

చెంచురామయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఫ్యూజు బాక్సు ఇప్పి చూస్తే అంత పచ్చగున్నది. మీరు చెప్పినట్టే చింతపండు పెట్టి తోమిన. నేనే యాడనో తప్పు చేసిన. ఏం తప్పు చేసిన్నో చెప్పుండ్రి సార్."

చెప్పాల్సిన మాట నాలుక చివరే ఉంది. కానీ నోరు తెరిస్తే ఇంకో మాట వచ్చింది.

"సరిగా తుడిచి ఉండవమ్మా."

"అవ్ సార్. అంతే అయ్యుంటది" అని ఆమె ఫోన్ పెట్టేసింది.

తలెత్తితే ఎదురుగా అన్నం గిన్నెతో హైమ. అంతా వింది. గిన్నె బల్ల మీద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది ఆయనకి. తనే వడ్డించుకుని కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది. ఆ పిల్ల తనే తప్పంతా మీద వేసుకుని అడిగితే, కాదనకపోగా ఇంకాస్త తోశాడు. అరవై దాటిన మనిషి, ఎందుకు? ఒక శాలువా కోసం.

మర్నాడు కొత్తగూడెం బయల్దేరాడు. అంబాసిడర్ తియ్యడానికి చెయ్యి రాలేదు. బస్సెక్కాడు.

కార్మికుల క్వార్టర్ల వరసలో సునంద ఇల్లు. ముందు రేకుల కింద వెనక డొక్క సొట్టబోయిన ఫియట్. వీడియోలో చూసిన ఆయన్ని గుర్తుపట్టి సునంద తల్లి వెంకమ్మ మెడలో వేలాడే కట్టు చెయ్యితోనే లేచింది.

"అయ్యో, సారు అంత దూరం నుంచి మాకోసం వచ్చిండు! కూసోండి సారూ, చాయ్ పెడ్త."

ఒంటిచేత్తో గిన్నె పట్టుకుని ఆవిడ అవస్థపడుతుంటే చెంచురామయ్య తల దించుకున్నాడు. సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్న సునంద ఆ గిన్నె అందుకోబోయింది.

"అమ్మా, ఆగు" అన్నాడు. "నువ్వు సరిగ్గానే తుడిచావు. తప్పు నాది. నా బండికీ ఇలాగే అయింది, వానలు పడగానే. నాకు తెలుసు. తెలిసీ ఎవరికీ చెప్పలేదు. నిన్న నువ్వడిగినా చెప్పలేదు."

సునంద ఆయన వైపు తిరిగింది. "మరి నిన్న ఫోన్ల గట్లెందుకన్నరు?"

"సిగ్గేసిందమ్మా."

"మీకు సిగ్గైందా? మా అమ్మ చెయ్యి నా వల్లనే ఇరిగిందని నేను ఏడుస్తనే ఉన్న సార్. ఒక్క ముద్ద తినలే."

"పోనీయే, పెద్దమనిషి" అంది వెంకమ్మ.

"ఎందుకు పోనియ్యాలె? చెయ్యి నీదే కదా ఇరిగింది!"

కూర్చోమన్న కుర్చీలో కూర్చోలేక, లేచి వెళ్లలేక నిలబడ్డాడు. చివరికి సునందే అడిగింది. "సరే, ఏం చెయ్యాలె ఇప్పుడు? అసలైనది చెప్పుండ్రి."

చెప్పాడు. ముందు బ్యాటరీ తీగ విప్పెయ్యాలి. క్లిప్పులు బయటికి తీసి, పులుపు విరగడానికి వంటసోడా నీళ్లలో ముంచాలి. మంచినీళ్లతో కడిగి బాగా ఆరబెట్టాలి. పల్చబడ్డవి పారేసి కొత్తవి వెయ్యాలి. మెరిసే లోహానికి లోహం తగిలేలా గట్టిగా బిగించాక, తడి చేరకుండా పైన పల్చగా వ్యాజిలీన్ రాయాలి.

"నేను చేసిపెడతానమ్మా" అని చొక్కా చేతులు మడవబోయాడు.

"వద్దు సార్. నా బండి నేనే చేసుకుంట. మీరు గ్రూపుల చెప్పుండ్రి. ఈడనే, ఇప్పుడే. ఇంకెవరి బ్రేకు లైటు పోతదో ఏమో."

ఫియట్ బానెట్ ఎత్తి, పచ్చబారిన ఆ ఫ్యూజు బాక్సు పక్కన ఆయన్ని నిలబెట్టి సునంద ఫోన్ పట్టుకుంది. చింతపండు మాట, తన బండి మాట, దాచిన మాట, వెంకమ్మ చెయ్యి మాట అన్నీ చెప్పాడు. పక్క క్వార్టర్ల వాళ్లు గోడ మీంచి చూస్తూనే ఉన్నారు. చెమటతో చొక్కా వీపుకి అంటుకుపోయింది.

వీడియో వెళ్లిన కాసేపటికే నవ్వే బొమ్మలొచ్చాయి. 'చింతపండు రామయ్య' అని ఎవరో పెట్టారు. వాటి మధ్యలో మధిర ఆయన ఒకడు, తన జీపు క్లిప్పులూ ఇలాగే పచ్చబడ్డాయనీ, చేతగానివాడంటారని ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పుకోలేదనీ రాశాడు. ఆ మాట నవ్వులకంటే ఎక్కువ గుచ్చుకుంది.

వెంకమ్మ చాయ్ గ్లాసు చేతికిచ్చింది. వద్దనడానికి మొహం చెల్లలేదు. సునంద అప్పటికే స్క్రూడ్రైవర్ పట్టుకుని బానెట్ కిందికి వంగింది. వెళ్లొస్తానంటే తల తిప్పకుండానే "మంచిది సార్" అంది.

దసరా వెళ్లాక బళ్లన్నీ మళ్లీ ఖమ్మంలో చేరాయి. వెళ్లనని చెంచురామయ్య మొండికేస్తే, "వెళ్లాల్సింది ఇప్పుడేనండీ" అని హైమే తయారై బండెక్కింది. వేదిక మీదికి ఎవరూ పిలవలేదు. ఎవరో వెనకనుంచి "చింతపండూ" అన్నారు. ఆయన తిరిగి చూసి, "చెప్పండి బాబూ" అన్నాడు. మొహం మాత్రం ఎర్రబడింది.

సునంద ఫియట్ వచ్చింది. డొక్క సరిచేయించింది. దిగి ఎవరితోనో మాట్లాడుతూ ఆయన పక్కనుంచే వెళ్లింది. ఆగలేదు. బండిలోంచి వెంకమ్మ మాత్రం కిటికీ బయటికి చెయ్యి పెట్టి, వేళ్లు ఆడించి చూపించింది.

"నయమైంది సారూ. బరువు లేపితేనే కొంచెం గుంజుతది."

చెంచురామయ్య చేతులు జోడించాడు. హైమ వెళ్లి వెంకమ్మ పక్కన కూర్చుంది.