చముద్ర చింహం

మా ఆయన దైవాధీనం అరకులో మిషన్ బడి మాస్టారు. కొండమీదే పుట్టి పెరిగాడు. నేను కాకినాడ మనిషిని. మిషన్ దొరలు కుదిర్చిన పెళ్ళి మాది. ఆయనంత మంచివాణ్ణి నేను చూడలేదు, ఆయనంత పిరికివాణ్ణీ చూడలేదు. పులి ఎదురైనా బెదిరేవాడు కాదు గాని, కొండ దిగువ పల్లపు మనిషి ఎదురైతే నోరు బిగుసుకుపోయేది. ట్రైనింగు బడిలో చేరిన మొదటిరోజున "సదువుకోడానికి వచ్చాను" అన్నాడట. క్లాసు క్లాసంతా పడీపడీ నవ్విందట. కొండ నోట్లో చ పలకదు, స అయిపోతుంది. ఆనాటి నుంచి ప్రతి మాటా నమిలి, చ వచ్చినచోట ఆగి, కూడదీసుకుని పలికేవాడు. ఇంట్లో నాతోనూ అంతే. 'చాలు' అనడానికి అంత ఆలోచించే మొగుడితో కాపురం ఎంత విసుగో చెప్పలేను. ఒక్కసారైనా తన సొంత నోటితో నన్ను పిలిస్తే బాగుండునని ప్రాణం కొట్టుకునేది.

రాసేటప్పుడు మాత్రం ఆ భయం ఉండేది కాదు. పంతొమ్మిది వందల ఇరవై ఆరులో ఒక కథ రాశాడు. సముద్రం అడుగున ఒక సింహం ఉంటుంది. దాని జూలు నిండా ఉప్పే. సంతకు ఉప్పు రాని కరువులో ఒక కొండ గుంట, అంటే చిన్న ఆడపిల్ల, దాని వీపెక్కి, ఊరందరికీ ఉప్పు తెస్తుంది. పేరు 'సముద్ర సింహం'. చూపించమంటే, "అచ్చులోనే చూద్దువుగాని" అని పెట్టెలో దాచేశాడు. విశాఖపట్నంలో ఒక చిన్న ప్రెస్సువాళ్ళు కాగితాలు అచ్చేసి పంపేటట్టూ, కుట్టడం, అట్టలు వెయ్యడం మేమే చూసుకునేటట్టూ కుదిరింది.

కావళ్ళ మీద మూటలు వచ్చాయి. గోనె విప్పి పై కాగితం చదివాను. 'చముద్ర చింహం' అని ఉంది. పేజీ తిప్పాను. 'నా ప్రియ చతి మగ్దలేనమ్మకు అంకితం.' అంకితం నాకని తెలిసి మురిసిపోవలసిందాన్ని, నవ్వు ఆపుకోలేకపోయాను. తలెత్తి చూద్దును కదా, ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

సంగతి అప్పుడు బయటపడింది. రాతప్రతితో పాటు ప్రెస్సువాళ్ళకు ఒక మాట రాశాడట. 'నేను కొండవాణ్ణి. చ ఉండవలసినచోట స పడి ఉంటుంది. దయచేసి దిద్దగలరు.' నిజానికి ఆయన రాతలో ఒక్క తప్పు లేదు. అక్షరాలు పేర్చే ఆ పుణ్యాత్ముడు కనబడిన ప్రతి స నూ చ చేసి కూర్చున్నాడు. చూసి రమ్మంటే కాల్చి వచ్చినట్టయింది. దైవాధీనం అన్న పేరులో స లేదు గనక అదొక్కటీ బతికిపోయింది.

"పొయ్యిలో పెట్టు, మగ్దలేనమ్మా. ఇక నేను రాయను" అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మనిషి మనిషిలా ఉండేది రాసుకునేటప్పుడే. అదీ మానేస్తే నాకు మిగిలేది నమిలిన మాటలే. "కొత్త పుస్తకం వస్తోందని సంతలో డప్పు వేయించాను. రోట్లో తల దూర్చి రోకటిపోటుకు వెరిస్తే ఎలాగండీ?" అన్నాను. నేనే సూదీ దారం తీసి కుట్టాను, గంజి పూసి అట్టలు అంటించాను.

శుక్రవారం సంతలో చాప పరిచి పుస్తకాలు పేర్చాం. మొదటి బేరం జగన్నాథరావుగారిది. పల్లం నుంచి వచ్చిన సంస్థానం గుమాస్తా. అట్ట చూసి పగలబడి నవ్వాడు. "చముద్ర చింహమా! ఏమయ్యా దైవాధీనం, చింహాచలం అప్పన్న వింటే ఏమంటాడయ్యా!" నలుగురికీ చూపించి నవ్వించడానికి ఒక ప్రతి కొనుక్కుని, చింతచెట్టు నీడకు పోయాడు.

మా ఆయన చాప చుట్టేసి, పుస్తకాలు మూట కట్టడం మొదలుపెట్టాడు. నేను పోయి ఆ మూట మీద కూర్చున్నాను. "ఒక్క పేజీ చదవండి. తర్వాత లేస్తాను."

పక్కన అల్లం అమ్ముకుంటున్న దేముడమ్మ గంప పక్కకు జరిపింది. "డప్పేయించి మూట కట్టేత్తన్నావేటి నాయినా? కతేటో సెప్పు."

ఆయన పుస్తకం తెరిచి, అచ్చులో ఉన్నది ఉన్నట్టు పలికాడు. "చముద్రం అడుగున ఒక చింహం..."

"ఏటేటి? నాకేటీ తెలడం నేదు. మనింటి మాటలో సెప్పు నాయినా."

ఆయన నాకేసి చూశాడు. నేను తల ఊపాను. అప్పుడు నాలుకకు కట్టిన కట్టు విప్పేసి, దాని దారిన దాన్ని పోనిచ్చాడు. అచ్చులో చముద్రం అని ఉంటే నోట్లోంచి సముద్రం వచ్చింది. చింహం సింహమైంది. చేపలు సేపలయ్యాయి, చుక్కలు సుక్కలయ్యాయి, వాటిని అక్కడ అందరూ అనేదే అలాగ. ఆ నోటితో చదువుతుంటే పుస్తకం మొత్తం మీద ఒక్క అచ్చుతప్పు లేదు! దేముడమ్మ ఊ కొట్టింది. ఆమె వెనక ఇంకొకరు, ఇంకొకరు. చూస్తూండగా సంత సగం మా చుట్టూ చేరి ఊ కొట్టింది. ఇంట్లో పిల్లలచేత చదివించుకుంటామని అల్లం ఇచ్చి, పసుపు ఇచ్చి పుస్తకాలు పట్టుకెళ్ళారు.

గుంట సముద్రంలో దూకే చోట ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. అంతలో జనాన్ని తోసుకుంటూ జగన్నాథరావుగారు వచ్చాడు. చేతిలో పుస్తకం తెరిచే ఉంది.

"మాస్టారూ, ఆ పిల్ల మునిగిందా, తేలిందా? ఇది చదవబోతే నా నాలుక మెలికపడుతోంది. మీరే చదవండి."

పల్లపు మనిషి, అందులోనూ గుమాస్తా. ఇక ఈయన నోరు బిగుసుకుపోతుంది, కథ ఇక్కడితో సరి అనుకున్నాను. మా ఆయన గుమాస్తాగారి మొహంలోకి చూశాడు.

"కూసోండి బాబూ, సదువుతాను" అన్నాడు. నావైపు తిరిగి, "మగ్దలా, బేగి సాప తే" అన్నాడు.

నాకు కళ్ళ నీళ్ళు తిరిగాయి. నేను కాకినాడ మనిషినే. అయినా ఆ రోజు నేను తెచ్చి పరిచింది చాప కాదు, సాపే.