రెండు గంటల వెచ్చదనం

వెచ్చని మట్టి ముంత. దాని మీద కంబళి. కంబళి మీద నిబారణ్ మోదక్ అరచెయ్యి.

లోపల తీపి పెరుగు తోడుకుంటోంది.

బెంగాల్‌లోని కృష్ణనగర్‌లో మిఠాయి కొట్టు పెట్టిన నాటినుంచీ ఆయన నమ్మిన విద్య ఇదే — వెచ్చగా ఉంచడం. ఊరుకోవడం. తరవాత మెల్లగా ఒంచి చూడడం.

ఆ వానాకాలం భార్య చారుబాల ఒంటి మీద నేరేడుపండు రంగు మచ్చలు లేచాయి.

దెబ్బ తగల్లేదు. జారి పడలేదు. ఆమె అరవై రెండేళ్లలో ఎన్నడూ లేనిది —

మోచేతి దగ్గర ఒకటి. తొడ మీద ఒకటి. తరవాత ముంజేయి మొత్తం వాచి, నల్లబడి...

"ఈ వయసులో పెళ్లాం మీద చెయ్యి చేసుకుంటున్నావా, మోదక్ దాదా?" అంది పొరుగావిడ, సగం నవ్వుతూ.

"ఈయనా?" అంది చారుబాల. "సందేశ్ మిఠాయి మీద వాలిన ఈగనే బతిమాలి పంపిస్తాడు."

ఆయన నవ్వలేకపోయాడు.

ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేసే తులిక వాళ్ల వీధి పిల్లే. చారుబాల రక్తం గడ్డకట్టడానికి రెండింతలకు పైగా సమయం పడుతోందని చెప్పింది.

"నాది ఎక్కించమ్మా. ఎంత కావాలంటే అంత," అన్నాడు నిబారణ్.

"ముందు కలిపి చూడాలి జేఠూ," అంది తులిక. ఆయన్ని పెదనాన్న వరసతో అలాగే పిలుస్తుంది.

చారుబాల రక్తంలోని పసుపుపచ్చని తేట సగం. ఆయనది సగం. ఒకే గాజు గొట్టంలో.

తులిక గడ్డకట్టించే మందు వేసి ఒంచింది. గడ్డకట్టింది — సరిగ్గా వేళకే.

ఆయన లేచి నిలబడ్డాడు. "అయితే నాది సరిపోతుంది!"

"కూర్చోండి. తోడేసి వెంటనే ముంత ఒంచుతారా మీరు? కొన్ని జబ్బులు నిదానంగా బయటపడతాయి."

ఒంటి వేడంత వెచ్చని నీళ్లు. నీళ్లలో మూడు గొట్టాలు. ఆమెది. ఆయనది. ఇద్దరిదీ కలిపినది.

బయట వాన. రెండు గంటలు ఆయన ఆ మూడోదాన్నే చూస్తూ కూర్చున్నాడు.

తులిక మళ్లీ మందు వేసింది. ఒంచింది.

ఆయనది గడ్డకట్టింది.

కలిపినది గడ్డకట్టక నీళ్లలా కదిలింది. తులిక మళ్లీ ఒంచింది. ఇంకా కదిలింది... ఇంకా...

"రక్తాన్ని గడ్డకట్టించే పదార్థాన్ని పెద్దమ్మ ఒళ్లే పరాయిదనుకుని పాడుచేస్తోంది," అంది తులిక మెల్లగా. "ముందు తనదాన్ని. ఇప్పుడు మీదాన్ని కూడా. ఉత్త తేట ఎంత ఎక్కించినా నిలవదు జేఠూ."

ఇవ్వడానికి ఆయన దగ్గర ఉన్నది అదొక్కటే.

చారుబాలకి చెప్పాడు.

"నలభై ఏళ్లు కాపురం చేశాక కూడా, నా ఒంటికి మీరింకా పరాయివాళ్లేనా?"

ఆమె కళ్లు నవ్వుతున్నాయి. తడిగా.

నెత్తురు ఆగడానికి డాక్టరు వేరే ఇంజెక్షన్ రాశాడు. ఒంటి కోపం చల్లారడానికి మాత్రలు. వారాలు పట్టవచ్చు. అందరికీ తగ్గుతుందని చెప్పలేం.

మొదటి మాత్ర మింగి, ఆమె వాచిన చెయ్యి ఆయన ఒళ్లో పెట్టింది.

ఆయన దాని మీద అరచెయ్యి ఆనించాడు — బరువు పడకుండా.

వెచ్చగా ఉంది.

లోపల ఏదో కుదుటపడుతోందో... లేదో...

ఒంచి చూసే వీలు లేదు.