ఓడిపోవడం నేర్చుకున్న ఉప్పలయ్య

కోదాడలో లారీలవాళ్ల ఆఫీసు వెనక గదిలో పేకాడేవాళ్లెవరూ ఉప్పలయ్యతో కూర్చోవడానికి ఇష్టపడేవాళ్లు కాదు. ఆట రాక కాదు, ఆట అతనికి బాగానే వచ్చు. ఓడిపోవడమే రాదు. ఒకసారి చేతిలో జోకరు పెట్టుకుని కూడా ఓడిపోయానన్న కసితో ఆ జోకరును పళ్లతో కొరికి రెండు ముక్కలు చేశాడు. ఇంకోసారి పరిచిన చాపను టీ గ్లాసులతో సహా ఎత్తి మురిక్కాలువలోకి విసిరాడు. గెలిచినవాడు దొంగాట ఆడాడనేవాడు. పంచినవాడు కావాలనే చెడ్డ ముక్కలు వేశాడనేవాడు. ఎవరూ దొరక్కపోతే వెనక నిలబడి చూస్తున్నవాడి నీడ పడిందనేవాడు. ఇంటికొచ్చాక ఆ కోపం కూరలో ఉప్పు మీదికో, వండిన లక్ష్మి మీదికో మళ్లేది. ముప్పై ఏళ్లు లారీ నడిపి రోడ్డు మీద ఎవరితోనూ గట్టిగా మాట్లాడని మొగుడు పదమూడు ముక్కల దగ్గరికొచ్చేసరికి అట్లా ఎందుకు మారిపోతాడో ఆమెకు ఏనాడూ అర్థం కాలేదు.

యాభై ఆరో ఏట అతని కిడ్నీలు రెండూ పాడయ్యాయి. కోదాడలో డయాలసిస్‌కు ఖాళీ దొరక్క సోమ, బుధ, శుక్రవారాలు సూర్యాపేట రమ్మన్నారు. పొద్దున్నే మొదటి బస్సుకు లక్ష్మిని వెంటబెట్టుకుని వచ్చేవాడు. ఎడమచేతికి రెండు సూదులు గుచ్చి మిషన్‌కు కలిపాక నాలుగు గంటలపాటు ఆ చెయ్యి కదపడానికి లేదు. మొదటి నెల పైన తిరిగే ఫ్యాను చూస్తూ గడిపాడు. రెండో నెల సంచిలో పేకముక్కలు వేసుకొచ్చి, కుడిచేత్తో పొట్టమీద పరుచుకుని, తనతో తనే ఆడుకోవడం మొదలుపెట్టాడు. అందులో ఓడిపోయినా కోపమొచ్చేది.

పక్క మంచం రజితది. ఇరవై ఏడేళ్ల పిల్ల. పెద్దవూర దగ్గర తండాలో పుట్టి, డిగ్రీ, బీఈడీ చదువుకుని, మిర్యాలగూడలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతోంది. మిర్యాలగూడలో ఖాళీ లేక ఆమెకూ సూర్యాపేటే రాసిచ్చారు. తండ్రి సేవ్యా తోడొచ్చేవాడు. ఆ నాలుగు గంటలూ ఆమె పరీక్ష పేపర్లు దిద్దుకునేది. ఎండాకాలం సెలవులిచ్చి పేపర్లు అయిపోయిన వారం, ఒకరోజు ఉప్పలయ్య వైపు తిరిగింది.

“కాకా, ఒక్కనివే ఎంతసేపు ఆడుతవ్? నాకూ పంచు.”

ఉప్పలయ్యకు నవ్వొచ్చింది. నీకు రమ్మీ వచ్చా అమ్మా అని అడిగాడు. వానలు పట్టి కూలి పని లేని రోజుల్లో బాపు నేర్పాడని చెప్పింది. సేవ్యా తల దించుకుని నవ్వాడు.

ఒక్క చేత్తో పదమూడు ముక్కలు పట్టుకోవడం కుదిరే పని కాదు. తర్వాతి వంతుకు సేవ్యా రెండు చెక్కముక్కలు తెచ్చాడు. ఒక్కోదాని నిడివినా సన్నటి గాడి కోసి ఉంది. ముక్కలు అందులో నిలబెడితే ఎవరివి వాళ్లకే కనబడతాయి. రెండు మంచాల మధ్యకు స్టూలు జరిపి, కలపడమూ పంచడమూ సేవ్యానే చేసేవాడు. డయాలసిస్ చూసే జాన్ మంచివాడు. గొడవ చేయకుండా ఆడుకునేట్టయితే తనకేమీ కనబడనట్టే అని ముందే చెప్పాడు.

మొదటిరోజు నాలుగు ఆటలూ రజితే గెలిచింది. కొత్త చేతికి అదృష్టం ఎక్కువ అనుకున్నాడు ఉప్పలయ్య. రెండోరోజు మళ్లీ ఆమే. మూడోరోజుకు అతనికి సంగతి తెలిసింది. ఆ పిల్ల పడ్డ ప్రతి ముక్కా గుర్తుపెట్టుకుంటోంది. ఏది పోయింది, ఏది మిగిలింది, అతను ఏది దాచుకుని దేని కోసం ఆగుతున్నాడు, అన్నీ కళ్లతోనే లెక్క వేస్తోంది. అంతకన్నా అతనికి మింగుడుపడనిది ఇంకోటుంది. నాలుగైదు ఆటలకొకసారి ఆమే ఓడిపోయేది. అప్పుడు తన ముక్కలు ఒకసారి చూసుకుని, “ఇస్పేట్ ఏడు కోసం ఆగి చెడిన,” అని నవ్వేది. ఓడినవాళ్లు అట్లా నవ్వడం ఉప్పలయ్య తన జన్మలో చూడలేదు. మొదట అది పొగరనుకున్నాడు.

ఆ శుక్రవారం వరసగా అయిదు ఓడిపోయాడు. ఆరో ఆటలో ఇంకొక్క ముక్క పడితే అయిపోతుందనగా రజిత ముందుగా షో చేసింది. ఉప్పలయ్యకు కళ్లు బైర్లు కమ్మాయి. చెక్క మీది ముక్కలన్నీ ఒక్క గుప్పిట తీసి ఆమె మంచం మీదికి విసిరాడు. ఆ ఊపులో ఎడమచెయ్యి కూడా లేచింది. సూది పక్కకు జరిగింది. మిషన్ కూతపెట్టింది. జాన్ పరుగెత్తుకొచ్చి మిషన్ ఆపేసరికి మోచేతి దగ్గర చర్మం కింద రక్తం చేరి కోడిగుడ్డంత ఉబ్బింది. డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి సిద్ధం చేసిన ఆ చేతి నరం పోతే మళ్లీ ఆపరేషన్ అనీ, అప్పటిదాకా మెడలో గొట్టం వేయాల్సి వస్తుందనీ జాన్ ఐసు పెడుతూ చెబుతుంటే లక్ష్మి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఉప్పలయ్య మాత్రం రజితనే చూస్తూ, ఆమె తన ముక్కలు తొంగిచూసిందని, లేకపోతే అట్లా ఎట్లా గెలుస్తుందని అన్నాడు.

రజిత తన మీద పడ్డ ముక్కలు ఏరి, లెక్కపెట్టి, సరిపోయాయో లేదో చూసి, తండ్రి చేతికిచ్చింది.

పేక బందయింది. ఆ శనాదివారాలు ఉప్పలయ్య నల్లగా కమిలిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. లక్ష్మి తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాడే. ఆమె తిట్టలేదు. అన్నం కలిపి పెడుతూ, నీ కోపానికి ఇన్నాళ్లూ నేను సరిపోయాను, ఇప్పుడు నీ చెయ్యే కావలసి వచ్చిందా అని మాత్రం అడిగింది. ఆ మాట అతనికి ముల్లులా దిగబడింది.

సోమవారం మంచం మార్చమని జాన్‌ను అడగాలనుకుంటూ వెళ్లాడు. అతను నోరు తెరవకముందే రజిత జాన్‌తో మాట్లాడుతోంది. మళ్లీ ఆడుకుంటామని, ఈసారి పూచీ తనదని చెబుతోంది. జాన్ ఒప్పుకోలేదు. ఆమె వదలలేదు. చివరికి జాన్ సరేనన్నాక ఉప్పలయ్య వైపు తిరిగింది.

“ఒక్క షరతు కాకా. ఓడినోళ్లు ముక్కలు గెలిచినోళ్ల చేతికియ్యాలె. ఇచ్చేటప్పుడు ఏ ముక్క కోసం ఆగి చెడిండ్రో చెప్పాలె. విసిరితే ఇగ ఆట ఖతం.”

ఉప్పలయ్యకు సిగ్గేసింది. ఇంత మాటన్నా నాతో ఆడతావా అని అడిగాడు. ఆడకపోతే ఈ నాలుగు గంటలు ఎట్లా పోతాయంది ఆమె. రెండేళ్లుగా ఇక్కడ పడుకుంటే తనతో నిజంగా గెలవాలని ఆడినవాడు అతనొక్కడేనట. మిగతావాళ్లంతా అయ్యో పాపం అని చూసేవాళ్లే.

మొదట్లో ముక్కలు చేతికివ్వడమంటే ఉప్పలయ్యకు చెంప చూపించినట్టుండేది.  ఏ ముక్క కోసం ఆగాడో రెండుసార్లు అడిగితేగానీ చెప్పేవాడు కాదు. కానీ చెప్పడం మొదలుపెట్టాక ఒక వింత జరిగింది. ఆఠీన్ రాణి కోసం ఆగానని నోటితో అంటుంటే, అది తనకు రాకుండా ఎవరూ కుట్ర చేయలేదని, ఆ రాణి రెండు చుట్ల ముందే పడిపోయిందని, తను చూసుకోలేదని తనకే తెలిసొచ్చేది. తప్పు తన కళ్లదే అయినప్పుడు ఎవరి మీద విసరాలి? జూన్ నెల వచ్చేసరికి పదింట మూడు గెలుస్తున్నాడు. ఓడిన ఏడూ చేతికిస్తున్నాడు. ఇంట్లో కూరలో ఉప్పు సంగతి ఎత్తడం కూడా తగ్గిందని లక్ష్మి సేవ్యాతో చెప్పింది.

బడులు తెరిచే ముందు ఒక బుధవారం రజిత మంచం ఖాళీగా ఉంది. హైదరాబాదు నుంచి ఫోనొచ్చిందని, ఎవరో చనిపోయినాయన కిడ్నీ ఇస్తున్నారని, వెంటనే రమ్మన్నారని జాన్ చెప్పాడు. ఆమె తల్లికి షుగరు, తండ్రి రక్తం కలవదు. రెండేళ్లుగా ఆమె ఎదురుచూస్తున్నది ఆ ఫోను కోసమే. ఉప్పలయ్య ఆరోజు పేక తీయలేదు. దండం పెట్టడానికి ఎడమచెయ్యి లేవదు కాబట్టి కుడిచెయ్యి ఒక్కటే గుండెల మీద పెట్టుకుని పడుకున్నాడు.

శుక్రవారం ఆమె నడుచుకుంటూ వచ్చి తన మంచం మీద కూర్చుంది. ముఖం ఉబ్బి ఉంది, కాళ్లు నీరు పట్టాయి. వెనక సేవ్యా సంచి పట్టుకుని ఎవరి ముఖమూ చూడకుండా నిలబడ్డాడు. ఉప్పలయ్యకు అర్థమైంది. జాన్ సూదులు గుచ్చి వెళ్లాడు.

ఆమె తనంతట తానే చెప్పింది. ముగ్గురిని పిలిచారట. రాత్రంతా పరీక్షలు చేశారట. తుంగతుర్తి దిక్కు పిల్లవాడొకడికి తనకన్నా బాగా కలిసిందట. పందొమ్మిదేళ్లవాడు.

“వాని తల్లి నా పక్కనే కూసున్నది కాకా. పొద్దున వాని పేరు పిలిస్తే నవ్వనీకి కూడా భయపడ్డది, నేను సూస్తున్ననని. నేనే లేసి చెయ్యి పట్టుకున్న. పో అమ్మా, సంతకం పెట్టుపో అన్న.”

 బస్సెక్కినాక నకిరేకల్ దాకా ఏడ్చానని, బాపు చూడకుండా కిటికీ వైపు తిరిగి ఏడ్చానని చెప్పింది. తర్వాత కళ్లు తుడుచుకుని, పేక తెచ్చినవా అని అడిగింది.

 ఒక్క ముక్క పడలేదని ఊరందరినీ తిట్టిన మనిషి ఉప్పలయ్య. ఈ పిల్ల చేతిదాకా వచ్చిన ప్రాణం పక్కవాడికి పోతే లేచి వాడి తల్లి చెయ్యి పట్టుకుంది. అతనికి కోదాడ గదిలో తను విసిరిన చాపా గ్లాసులూ గుర్తొచ్చి ఒళ్లంతా ముడుచుకుపోయింది. ఇంత చిన్న శరీరంలో అంత గుండె ఎక్కడ పట్టిందో అనుకుంటూ ఆమె వైపే చూస్తుండిపోయాడు.

సేవ్యా ముక్కలు పంచాడు. ఈరోజు ఆమే గెలవాలని ఉప్పలయ్య నిశ్చయించుకున్నాడు. నాలుగో చుట్టుకు ఆమెకు కావలసింది డైమన్ జాకీ అని అతనికి తెలిసింది. తన వరసలోంచి విరిచి దాన్ని కింద పెట్టాడు. ఆమె చెయ్యి చాచలేదు.

“గా ముక్క వెనక్కి తీసుకో కాకా.”

పడేసిన ముక్క మళ్లీ తీయకూడదు కదా అన్నాడు.

“నన్ను గెలిపియ్యనీకి ఆడుతున్నవ్. రెండ్రోజుల నుంచి అందరు నన్ను పసిపిల్ల లెక్క సూస్తుండ్రు. నువ్వన్న ఆడు.”

ఉప్పలయ్య ముఖం ఎర్రబడింది. జాకీని మళ్లీ చెక్కలో పెట్టుకున్నాడు. కళ్లు తుడుచుకుని ముక్కలు చూసుకున్నాడు. ఇక ఆడాడు. నలభై ఏళ్లలో అంత నిజాయితీగా, అంత శ్రద్ధగా ఎప్పుడూ ఆడలేదు. పడ్డవన్నీ గుర్తుపెట్టుకున్నాడు, ఆమె ఏది దాచిందో లెక్క వేశాడు. ఆమె కూడా వదల్లేదు. దాదాపు గంట పట్టిన ఆ ఆటను చూడటానికి ఎదురు మంచం మనిషి తల ఎత్తాడు, జాన్ కూడా వచ్చి నిలబడ్డాడు. చివరికి ఉప్పలయ్య షో చేశాడు.

రజిత తన ముక్కలు ఒక్కొక్కటే తీసి, సరిచేసి, మంచాల మధ్యకు చెయ్యి చాచి అతని చేతిలో పెట్టింది. “కళావర్ తొమ్మిది. అది నీ తాన్నే ఉన్నదని సివరిదాంక కనిపెట్టలేకపోయిన. మంచిగ ఆడినవ్ కాకా,” అంది.

గెలిస్తే ఎగిరి గంతేసే మనిషి ఆ ముక్కలు పట్టుకుని కూర్చుండిపోయాడు. తర్వాత, నువ్వూ బాగా ఆడావు బిడ్డా అన్నాడు. ఆ మాట ఓడినవాళ్లతో అనడం అతనికి అదే మొదటిసారి.

జూలైలో మిర్యాలగూడలో ఆమెకు ఖాళీ దొరికింది. బడికి దగ్గరని అక్కడికి మారిపోయింది. దసరా దాటాక ఒక మధ్యాహ్నం సేవ్యా ఫోన్ చేశాడు. మళ్లీ పిలుపు వచ్చిందని, ఈసారి కలిసిందని, ఆపరేషన్ అయి మూడు రోజులైందని చెప్పాడు. మాట మధ్యలో అతని తెలుగు పోయి లంబాడీ వచ్చేసింది. ఉప్పలయ్యకు అందులో ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఫోన్ పెట్టేయలేదు.

మర్నాడు డయాలసిస్ లేదు. లక్ష్మి వద్దన్నా వినకుండా ఆమెను తీసుకుని హైదరాబాదు బస్సెక్కాడు. ఆసుపత్రిలో లోపలికి పోనివ్వలేదు. రజితకు జబ్బు అంటకూడదని ఇంట్లోవాళ్లనే దూరం నుంచి చూడమంటున్నారట. సేవ్యా బయటికొచ్చాడు. ముగ్గురూ గేటు పక్కన టీ బండి దగ్గర నిలబడ్డారు. ఉప్పలయ్య తన వంతు టీ సగం లక్ష్మి గ్లాసులో పోశాడు. కొత్త కిడ్నీ పని మొదలుపెట్టిందని సేవ్యా చెప్పాడు. మంచం మీద కూర్చుంటోందట, బడి పిల్లల గురించి అడుగుతోందట. ఆ తుంగతుర్తి పిల్లవాడి తల్లి నిన్న చూడటానికొచ్చి, వీళ్లలాగే గేటు దగ్గరే నిలబడి వెళ్లిపోయిందట.

ఏమైనా చెప్పమంటావా బిడ్డకు అని సేవ్యా అడిగాడు. ఉప్పలయ్యకు చెప్పాలనుకున్నది చాలా ఉంది.  ఒళ్లు జాగ్రత్తగా చూసుకోమను, మిగతాది నేనొచ్చి చెప్తాలే అన్నాడు.

పొద్దున్నే సూర్యాపేటలో ఉండాలి కాబట్టి చీకటి పడకముందే ఇద్దరూ కోదాడ బస్సెక్కారు.