సాత్తూరు మన్ను

డాక్టరు రెండు రోజులే అన్నారు. పదకొండో రోజు కూడా అప్పసామి తాత ఊపిరి పీలుస్తూనే ఉన్నారు. మాట ఆగి మూడు రోజులైంది. మేలూరు రోడ్డులోని మా వృద్ధుల హోములో నొప్పి తెలియకుండా ఆయనకు మందు ఇవ్వడం బృంద సిస్టర్ పని. పక్కకు తిప్పడం, పెదాలు తడపడం నా పని.

"సాత్తూరు చేను మీద ఆశ. అదే ప్రాణం పోనియ్యడం లేదు," అన్నది ఆయన కూతురు సౌందరం అక్క. అలాంటివాళ్లకు సొంత చేని మన్ను నీళ్లలో కలిపి నోట్లో పోసే ఆచారం మాలో ఉంది. అక్క టిఫిన్ డబ్బాలో మన్ను తెచ్చింది.

"నోట్లో చుక్క కూడా వద్దు," అన్నారు సిస్టర్. "మింగలేరు. ఊపిరాడకుండా పోతారు. ఇన్నాళ్లు నొప్పి లేకుండా చూసుకున్నది అందుకా?"

"నైనా ఇట్లా ఊపిరి ఈడుస్తా ఉంటే చూస్తా కూర్చోవాల్నా?"

"చేతిలో పెడదామక్కా," అన్నాను. సిస్టర్ సరేనని వెళ్లిపోయారు.

మూత తీశాను. ఎర్రగా, గరుకుగా ఉంది. మాదీ సాత్తూరు పక్క పల్లే. అక్కడంతా నల్లమన్ను. నేను తలెత్తితే అక్క చూపు దించుకుంది.

"చేను అమ్మి మూడేళ్లాయె," అన్నది మెల్లగా. "కంచె వేసేసినారు. నైనాకు చెప్పలేదు. వాన పడిందా అని అడిగినప్పుడంతా, పడింది, పత్తి విత్తినాము అంటా వచ్చినాను. ఇది మా ఇంటెనక మన్ను. ఆయనకు ఇప్పుడేం తెలుస్తుంది, పెట్టు పాపా."

తడిపి అరచేతిలో పెట్టాను. చాలాసేపు ఏమీ లేదు. తరువాత బొటనవేలు కదిలింది. మన్నును వేళ్ల మధ్య నలిపారు, మళ్లీ నలిపారు. నల్లమన్నయితే జిగురుగా అంటుకునేది. ఇది పక్క మీదికి రాలింది.

కళ్లు తెరవకుండానే అడిగారు. "ఎప్పుడమ్మినావు?"

"మూడేళ్లాయె నైనా," అన్నది అక్క, కొంగులో ముఖం పెట్టుకుని.

ఆయన చెయ్యి నావైపు జరిపారు. "కడుగు పాపా."

గోరువెచ్చని నీళ్లతో కడిగాను. గిన్నెలో నీళ్లు ఎర్రబడ్డాయి. తుడవబోతే, ఆ తడిచెయ్యి మంచం అంచు మీద దేన్నో వెతికింది. అక్క చూడలేదు. నేనే ఆమె చెయ్యి పట్టి తెచ్చి ఆయన చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని కూడా బొటనవేలితో నెమ్మదిగా నలిపి చూశారు. తరువాత పట్టుకున్నారు.

మధ్యాహ్నం రెండు గంటలకు సిస్టర్ వచ్చి, నాడి చూసి, ఆ వేళ్లను ఒక్కొక్కటిగా విడదీశారు.