గంగాధరం ఎక్కిన బండి

కోడలు హరిత నడిపే బండి చచ్చినా ఎక్కనని గంగాధరం ఊరందరి ముందూ అని ఆరు నెలలైంది. మొండిమనిషి, మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఎక్కడికి పోవాలన్నా బస్సే.

రాత్రి కురిసిన వానకు ఊరి దారిలో వాగు మీది మోరీ కొట్టుకుపోయింది. తారు రోడ్డెక్కాలంటే ఇక గుట్ట మీది రాళ్లదారే గతి. హరిత పికప్పు బండిలో ఇంటిల్లిపాదీ కంటికి రెప్పలా కాచిన పట్టుగూళ్లు. ఈరోజే మదనపల్లె మార్కెట్టుకు చేరకపోతే లోపలి పురుగు సీతాకోకచిలుకై గూడు తొలుచుకుని వచ్చేస్తుంది. చిల్లుపడ్డ గూడును ఎవరూ కొనరు. భర్త మురళి కుప్పంలో డ్యూటీలో ఉన్నాడు. హరితకు భయం వేసింది. అయినా ఆ గుట్ట ఎక్కించాలని ఎన్నాళ్లుగానో ఉవ్విళ్లూరుతోంది!

ముందు దారంతా నడిచి చూసి వచ్చింది. తర్వాత ఫస్టు గేరులో నిదానంగా ఎక్కించింది. సగం గుట్టలో వెనక చక్రాలు గిర్రున తిరిగాయి, బండి కదల్లేదు. ఎడమ పక్కన జానెడు దూరంలో లోయ. వెంట నడిచి వస్తున్న ఊరివాళ్లు తలా ఒక మాట అందుకున్నారు.

"కుడికి తిప్పు!"

"కాదు, ఎడంకి!"

"యాక్సిలేటరు తొక్కమ్మే!"

హరిత హ్యాండు బ్రేకు లాగి తల బయటపెట్టింది. "అందురూ ఊరకుండండప్పా! మా అత్త ఒకతే సెప్పాల."

అత్త కృష్ణమ్మ నలభై ఏళ్లు ఆ దారిన గొర్రెలు తోలింది. కొంగు బిగించి గట్టు పక్కన నిలబడింది.

అప్పుడు తట్టింది హరితకు తన తప్పు. ఇన్నాళ్లూ టమాటా లోడుతో తిరిగిన అలవాటు. ఆ బరువుకు చక్రం నేలను పట్టేది. గూళ్లేమో దూదంత తేలిక. రాళ్లు వేస్తే దొర్లి గూళ్లు నలిగిపోతాయి. మనిషే కూర్చోవాలి, బాగా బరువైన మనిషి.

అందరూ, బస్సు కోసం తారు రోడ్డుకు నడిచి వస్తున్న గంగాధరం వైపు తిరిగారు. ఆయన క్వింటాలుకు తక్కువుండడు.

"యాల నన్ను సూస్తాండారు?"

"ఎక్కు మామా. గూళ్లు పోతాయి."

గంగాధరం గొణుక్కుంటూ పంచె ఎగ్గట్టి బండి వెనక ఎక్కి, బరువు చక్రాల మీద పడేలా గూళ్ల పక్కన చతికిలబడ్డాడు.

"రామ్మా! రాయి మీదికే ఎక్కించు... ఇంగొంచెం కుడికి... ఆఁ, నిదానం!" కృష్ణమ్మ చెయ్యి ఊపింది.

చక్రం పట్టింది! బండి ఒక్కో రాయీ ఎక్కి దిగుతుంటే వెనక నుంచి "ఓరి దేవుడో!" అని గంగాధరం కేకలు. హరితకు నవ్వు ఆగలేదు. చివరి మలుపు దాటగానే ఎదురుగా తారు రోడ్డు. ఊరంతా ఈలలు!

"దిగు మామా, ఇంగ బరువు అక్కర్లేదు. బస్సొస్తాది."

గంగాధరం దిగాడు. దుమ్ము దులుపుకుని బండి చుట్టూ తిరిగి వచ్చాడు. ముందు తలుపు తీసి, కోడలి పక్క సీట్లో సర్దుకుని కూర్చున్నాడు.

"సచ్చినా ఎక్కనంటివే?" అంది కృష్ణమ్మ.

ఆయన తలుపు లాగి వేసుకున్నాడు.

"టైమైతాంది," అన్నాడు కోడలితో. "తోలమ్మా."